తక్కువ డబ్బుతో కట్టెలు చీల్చే యంత్రం: ఏది తీసుకోవడం మేలు?

ప్రశ్న:
ఇంటికి కావలసిన కట్టెలు ఏటా నేనే కొట్టుకుంటాను. భుజం నొప్పి మొదలైనప్పటి నుంచి గొడ్డలి ఎత్తడం కష్టమవుతున్నది కాబట్టి, చీల్చే యంత్రం ఒకటి కొనాలనుకుంటున్నాను. దుంగలు చాలావరకు జానెడు మందం ఉంటాయి; అక్కడక్కడ మూరెడు మందంతో, ముడులు పడిన మొద్దులు కూడా వస్తాయి. నా దగ్గరున్న డబ్బుకు చేతి పంపుది కొత్తది వస్తుంది, కరెంటుతో నడిచే చిన్నది కష్టం మీద వస్తుంది, పెట్రోలు ఇంజనుదైతే ఎవరో వాడినదే దొరుకుతుంది. ప్రకటనల్లో యంత్రం బలం ఎన్ని టన్నులో చెప్పే లెక్క తప్ప మరేమీ కనిపించడం లేదు. అనుభవమున్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
భుజం నొప్పి అన్నారు కాబట్టి చేతి పంపుది వద్దని ముందే మనవి చేస్తున్నాను. గొడ్డలి ఎత్తే పని తప్పుతుంది కానీ, ఒక్కొక్క దుంగకు ఆ పిడిని పదుల సార్లు ఆడించాలి. నేను రెండేళ్లు వాడాను, సాయంత్రానికి లాగేది భుజమే. జానెడు దుంగలకు కరెంటుతో నడిచే 5 నుంచి 7 టన్నుల యంత్రం సరిపోతుంది. అయితే దానికి సన్నని, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు తగిలిస్తే వోల్టేజి వైరులోనే పడిపోయి, మోటారు బలం తగ్గి వేడెక్కుతుంది. చెట్టు కొట్టిన కొత్తలోనే చీల్చుకోండి. చాలా రకాల కలప పచ్చిగా ఉన్నప్పుడే తేలిగ్గా విచ్చుకుంటుంది, పేడులైతే త్వరగా ఆరుతుంది కూడా.

రెండవ సమాధానం:
టన్నుల లెక్కను మీరే సరిచూసుకోవచ్చు. ఆయిలు ఒత్తిడితో కడ్డీని ముందుకు తోసే గొట్టం, అంటే సిలిండరు, లోపలి వ్యాసం 4 అంగుళాలైతే వైశాల్యం సుమారు 12.6 చదరపు అంగుళాలు. పంపు చదరపు అంగుళానికి 3,000 పౌన్ల ఒత్తిడి ఇస్తే మొత్తం బలం దాదాపు 37,700 పౌన్లు, అంటే 17 టన్నులు. అదే కొలతల యంత్రం మీద 25 అని రాసి ఉంటే నమ్మవద్దు.

వాడిన యంత్రం చూడటానికి వెళితే, ముడులున్న మొద్దు ఒకటి మీరే వెంట తీసుకువెళ్లి చీల్పించండి. ఆయిలు పాలు కలిసినట్టు తెల్లగా ఉంటే అందులో నీరు చేరినట్టే. సిలిండరు కడ్డీ మీద గీతలున్నా, చీల్చే బ్లేడు వెల్డింగు దగ్గర బీటలున్నా వదిలేయండి. ఆయిలు ఎక్కడ కారుతున్నదో చేత్తో తడిమి మాత్రం చూడవద్దు. సూదిమొనంత రంధ్రం నుంచి వచ్చే ఆయిలు కూడా చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడాలి.

మూడవ సమాధానం:
ఆ కొన్ని మూరెడు మొద్దుల కోసం పెద్ద యంత్రం కొనడం దండగ. వాటిని విడిగా పోగేసి, ఏడాదికొక రోజు అద్దెకు తెచ్చుకుంటే సరిపోతుంది. చిన్న యంత్రంతోనే చేయాలనుకుంటే, మొద్దును నడిమికి చీల్చాలని పట్టుపట్టకుండా అంచుల నుంచి పలకలుగా తీస్తూ రండి. ముడి ఒక్కటే మిగులుతుంది. రెండు చేతులూ వేస్తేనే నడిచే మీటల్లో ఒకదాన్ని తాడుతో కట్టేసి పనిచేసేవారిని చూశాను. ఆ ఏర్పాటు ఉన్నది వేళ్లను కాపాడటానికే, దయచేసి అలా చేయవద్దు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఇవాళ పోగంతా కొలిచి చూస్తే మూరెడు దాటినవి పదకొండే ఉన్నాయి, కాబట్టి కరెంటుదే తీసుకుంటున్నాను. ప్లగ్గు కట్టెల పాకకు దూరం. వైరు పొడిగించే బదులు దుంగలనే బండి మీద ప్లగ్గు దగ్గరకు చేరవేసుకుంటాను.