సమస్య: ఉన్నదెల్ల చెరుప నొప్పు నిల్లు

నిర్వహణ: ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు రాసి సమస్యను విప్పాలి. ఐదూ సూర్యగణాలే, యతి ఉ–ఒ. విశాఖలో మన ఐటీ పిల్లలు కొందరు సొంత పోర్ట్‌ఫోలియో సైట్లు (తాము చేసిన పనులు చూపేవి) తిరగరాస్తున్నారు కదా, ఇల్లంటే హోమ్‌పేజీ అనుకుని పూరించండి.

రుషికొండ డెవలపర్:

పాత సైటు నిండ పనికిరాని సరుకు
తెరచుకొనెడి లోపె తెల్లవారు
మొదట పేరు నిలిపి మూడుపనులె యుంచి
యున్నదెల్ల చెరుప నొప్పు నిల్లు

ఇది నా సైట్ సంగతే. కైలాసగిరి మీంచి తీసిన బీచ్ ఫోటో ఒక్కటే 6 ఎంబీ. కాలేజీలో చేసిన కాలిక్యులేటర్ కూడా అందులోనే ఉండేది.

సీతమ్మధార మాస్టారు: బాబూ, ధార బాగుంది. రెండో పాదంలో 'లోపే'ని గణం కోసం కుదించావు. 'తెరచుకొనక మున్నె' అంటే సరిపోతుంది. అసలు చిక్కు మూడో పాదంలో ఉంది. మూడు పనులు ఉంచాక 'ఉన్నదెల్ల' చెరిపినట్టెలా అవుతుంది? సమస్య విడలేదు.

రుషికొండ డెవలపర్: నిజమే మాస్టారూ. 'మొదట పేరు నిలిపి, మూడుపనులు. చెత్త యున్నదెల్ల' అంటే?

సీతమ్మధార మాస్టారు: ఇప్పుడు విడింది. ఒక్క మాటతో పద్యం నిలబడింది.

మధురవాడ సోదరి:

చందనమ్ము నొలువ సామి రూపు తెలియు
పూత తొలగ నాదు పుటయు నట్లె
వచ్చువారు నన్ను వాకిట గనుగొన
నున్నదెల్ల చెరుప నొప్పు నిల్లు

గాజువాక మిత్రుడు: అక్షయ తృతీయ నాడు చందనం ఒలిచిన అప్పన్న నిజరూపం చూడ్డానికి సింహాచలం క్యూలో నిలబడ్డవాళ్ళకి ఈ పద్యం వేరే చెప్పక్కర్లేదు! కానీ అప్పన్న చందనాన్ని సైట్ మీది హంగులతో పోల్చడం నాకు కొంచెం ఇబ్బందిగా ఉందమ్మా. అది సేవ. మళ్ళీ నాలుగు విడతలుగా సమర్పిస్తారు కూడా.

మధురవాడ సోదరి: అందుకే 'చెత్త' అనలేదన్నా, 'పూత' అన్నాను. లోపలి రూపం కనబడడం వరకే పోలిక.

సీతమ్మధార మాస్టారు: పోలిక ఎంతవరకో కవయిత్రే గీత గీసింది, ఔచిత్యం చెడలేదు. 'గనుగొన నున్నదెల్ల' అని ద్రుతం (చివరి నకారం) కలిసిన తీరు ముచ్చటగా ఉంది. నా ఓటు దీనికే.

గాజువాక మిత్రుడు: ఒప్పుకుంటున్నాను. పద్యం పక్కన పెడితే, రుషికొండ తమ్ముడికి ఒక మాట. పాతదంతా చెరిపితే, కంపెనీలకు పంపిన రెజ్యూమేల్లో ఉన్న పాత లింకులు ఏమవుతాయి? నొక్కినవాళ్ళకి 404 (పేజీ దొరకలేదన్న సందేశం) కనబడుతుంది. ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అది చాలా నష్టం. పాత చిరునామా ప్రతిదానికీ 301 రీడైరెక్ట్ పెట్టు, నొక్కినవాళ్ళని అదే కొత్త పేజీకి పంపుతుంది. చెరిపే ముందు అంతా గిట్‌లో (ఫైళ్ళ పాత రూపాలు దాచే సాఫ్ట్‌వేర్) కమిట్ చెయ్యి, అలా దాచిన ఏ రూపమైనా కావాలంటే వెనక్కి వస్తుంది.

రుషికొండ డెవలపర్: గిట్‌లో ఉందన్నా. లింకుల సంగతే తట్టలేదు, చదవగానే టెన్షన్ వచ్చింది. ఇప్పుడే కూర్చుని పదకొండు చిరునామాలకి 301 పెట్టాను. పాత రెజ్యూమే తెరిచి అందులో లింకు నొక్కాను, కొత్త పేజీ తెరుచుకుంది.