కిందికి చూసేదాకా పడని కయోటీ: జెన్ తెలిసినవాళ్లు కాస్త చెప్పండి

1949లో చక్ జోన్స్ మొదలుపెట్టిన రోడ్ రన్నర్ కార్టూన్లు మా పాపతో కలిసి చూస్తున్నాను. రోడ్ రన్నర్ అనే పక్షిని తరిమే కయోటీ (తోడేలు లాంటి జంతువు) కొండ అంచు దాటి గాల్లోనే పరిగెడుతుంది. ఆగి, కాలితో కింద తడుముతుంది. నేల తగలదు. మనవైపు దిగులుగా చూసి, అప్పుడు పడుతుంది. పాప పగలబడి నవ్వుతుంది, నాకు గుండె ఝల్లుమంటుంది.

జెన్ బౌద్ధంలో గురువు శిష్యుడికి ఇచ్చే చిక్కుప్రశ్నని కోఆన్ అంటారు. 13వ శతాబ్దపు కోఆన్ల సంకలనం ముమోన్‌కాన్‌లోని 5వ కోఆన్ గుర్తొస్తోంది. కొమ్మను పళ్లతో పట్టుకుని వేలాడేవాణ్ణి, జెన్‌కి ఆదిగురువుగా చెప్పుకునే బోధిధర్ముడు చైనాకి ఎందుకొచ్చాడని కింద నుంచి ఎవరో అడుగుతారు. నోరు విప్పితే పడిపోతాడు.

జెన్‌లో 'ముషిన్', అంటే ఆలోచన అంటని మనసు, కిందికి చూడకపోవడమా? చూసి కూడా బెదరకపోవడమా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. సాధన చేస్తున్నవాళ్లు మీ అనుభవం చెప్పగలరా? ఈ కోఆన్‌కి తెలుగులో మంచి వ్యాఖ్యానం ఎక్కడైనా దొరుకుతుందా?