గాలిలో తేమ ఉంటే పచ్చిగడ్డి ఎండబెట్టేదెలా?

ప్రశ్న: గినీ గడ్డి కోసి మూడు రోజులు ఎండబెట్టాను. పైకి గలగలలాడుతోంది కదా అని మోపులు కట్టి కొట్టంలో పేర్చాను. వారానికి చెయ్యి పెట్టి చూస్తే లోపల వేడి, తెల్ల బూజు! గేదె వాసన చూసి మొహం తిప్పేసుకుంది. తప్పెక్కడ జరిగింది?

జవాబు 1: ఆకు ఎండింది, కాడ ఎండలేదు. నేనూ ఇలాగే మోసపోయాను. పూత మొదలయ్యేటప్పుడే, మంచు ఆరాక కోయండి. పలుచగా పరిచి, మొదటి రోజు రెండు మూడు సార్లు తిరగేయండి. కాడలు నలిగితే ఇంకా త్వరగా ఆరతాయి. సాయంత్రం చిన్న కుప్పలు చేస్తే రాత్రి మంచు పైపైనే ఆగుతుంది. నేల తడిగా ఉంటే కర్రల పందిరి మీద వేయడమే మేలు.

మోపు కట్టేముందు గాజు సీసాలో తరిగిన గడ్డి, చెంచాడు పొడి ఉప్పు వేసి బాగా ఊపండి. ఉప్పు ముద్ద కడితే ఇంకా పచ్చిదే. తేమ 15 శాతం దగ్గరికి రావాలి.

జవాబు 2: ముందు ఆ మోపులు విడదీసి బయట పెట్టండి. వేడి పెరిగితే గడ్డి దానంతటదే అంటుకుంటుంది. బూజు పట్టింది మేపకండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే లాగేశాను. నడిమి మోపు నుంచి ఆవిరి! మరి నేపియర్ గడ్డి సంగతి?

జవాబు 1: ఆ లావు కాడలతో కుస్తీ వద్దండీ. ముసురు రోజుల్లో దాన్ని తరిగి సైలేజ్ (గాలి చొరకుండా అదిమి పులియబెట్టే పాతర గడ్డి) వేసుకోండి.