అప్‌డేట్: కాకినాడ తీరంలో టెర్న్‌ల లెక్క తేలింది

కుంభాభిషేకం రేవు దగ్గర ఒకే ఉదయం రెండుసార్లు లెక్కపెడితే, రెండోసారి సగం టెర్న్‌లు (సముద్ర తీరంలో తిరిగే పిట్టలు) కూడా కనబడట్లేదని అక్టోబరులో అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పోటు చూసుకుని వెళ్లమన్న సలహానే పనిచేసింది. నీరు తీసినప్పుడు పిట్టలు బురద మేటల మీద దూరదూరంగా చెదిరిపోతున్నాయి. పోటెక్కేకొద్దీ మిగిలిన ఇసుక దిబ్బ మీదికే చేరతాయి, అప్పుడు లెక్క సులువు. అమావాస్య, పౌర్ణమిలకు పోటు పెద్దదని రేవులో వలలు బాగుచేసుకునే తాత ముందే చెప్పాడు, నేనే వినలేదు.

తప్పు నా బైనాక్యులర్‌దేమో అనుకున్నాను గానీ, దానికీ దీనికీ సంబంధం లేదు. అరువు తెచ్చిన టెలిస్కోపుని మోకాలిలోతు బురదలో మోసిందంతా దండగ!

ఇంకోటి: నేను ఒకే జాతి అనుకున్నవి రెండట. ఫొటోలు చూసిన పక్షుల మాస్టారు తేల్చారు. నారింజ ముక్కుది లెస్సర్ క్రెస్టెడ్ టెర్న్, కాస్త పెద్దగా ఉండి పసుపు ముక్కున్నది గ్రేటర్ క్రెస్టెడ్. పాత లెక్కలు కొట్టేశాను.