నెలకు 18,700 బాకీలకే పోతోంది. ఒక పెద్ద లోను తీసి అన్నీ కట్టేయాలా?

కావలి నుంచి

అందరికీ నమస్కారం. మాది కావలి. నెల్లూరులో ఒక స్పేర్ పార్టుల షాపులో పని చేస్తాను, రోజూ రైల్లో పోయొస్తా. జీతం 32,000. ఇద్దరు పిల్లలు. రెండేళ్ళ కిందట నాన్నకు గుండె ఆపరేషన్ అయింది, అక్కడ మొదలైంది ఇదంతా.

నోటు మీద తెచ్చింది 2 లక్షలు, నూటికి మూడు రూపాయల వడ్డీ. నెలకు 6,000 కడుతున్నా, అసలు అట్లాగే ఉంది. క్రెడిట్ కార్డు మీద 90,000, నెలనెలా మినిమమ్ 4,500 కట్టి ఊరుకుంటున్నా. బండి కిస్తీ 3,200, ఇంకా 7 నెలలు. లక్ష రూపాయల చీటీకి నెలకు 5,000. అది 20 నెలల చీటీ, 12 అయ్యాయి, పాప చదువుకని ఇంతవరకు పాడలేదు. ఇవి కాక మా ఆవిడ హారం, గాజులు బ్యాంకులో పెట్టి 1,50,000 తీసుకున్నాం. దానికి ఏడాదికి 9 శాతం. ఏటా వడ్డీ కట్టి తిరగరాయిస్తున్నా.

బాడుగ 6,500 పోను చేతిలో మిగిలేది 6,800. ఇరవయ్యో తారీఖు దాటితే మళ్ళీ కార్డే గీకాలి. ఆవిడ జాకెట్లు కుట్టి నెలకు నాలుగు వేల దాకా తెస్తుంది, అది పిల్లల ఫీజులకే సరిపోతుంది.

నోటు ఇచ్చినాయన అయిదో తేదీన షాపు ముందు బండి ఆపుకొని కూర్చుంటాడు. ఒక్క మాట అనడు. ఓనరు చూస్తాడేమోనని నాకు టెన్షన్. ఆ నోటు సంగతి, కార్డు సంగతి ఆవిడకు తెలియదు.

ఇప్పుడొక ఏజెంటు 5 లక్షల పర్సనల్ లోను ఇప్పిస్తానంటున్నాడు. నెలకు 12,700, అయిదేళ్ళు. అన్నీ ఒకేసారి పోతాయి కదా అని ఆశగా ఉంది. తీసుకోవచ్చా?

కొండపి నుంచి

తమ్ముడూ, తీసుకోవద్దు. 12,700 చొప్పున 60 నెలలంటే 7,62,000. ఈ లెక్క ఏజెంటు నీకు చెప్పి ఉండడు.

మాది పొగాకు సేద్యం. 2015లో ధర పడిపోయినప్పుడు బేళ్ళు వేలం నుంచి వెనక్కి తెచ్చుకున్నవాణ్ణి. ఏడు లక్షల దాకా అప్పు తేలింది. నేనూ నీ మాదిరే ఒక అప్పు తెచ్చి ఇంకో అప్పు కడుతూ రెండేళ్ళు పోగొట్టుకున్నాను. తర్వాత ఒక పొడుగు నోటుబుక్కు కొని, ఒక్కో అప్పు ఎదురుగా అది నెలకు ఎంత వడ్డీ తింటుందో రూపాయల్లో రాశాను. శాతాలు రాస్తే కంటికి ఆనవు, రూపాయలు రాస్తే నిద్ర పట్టదు.

నీ లెక్క అట్లా రాసి చూశాను. నోటుకు 6,000. కార్డుకు నెలకు మూడున్నర శాతం అనుకుంటే 3,150. అంటే నువ్వు కట్టే 4,500లో అసలుకు పోయేది 1,350, అది మళ్ళీ గీకేస్తున్నావు. బంగారానికి 1,125 మాత్రమే. లక్షన్నర అప్పు ఇంత తక్కువ తింటుంటే, 90 వేల అప్పు దానికి రెండింతల పైన తింటోంది. నోటుకైతే రెండేళ్ళలో 1,44,000 కట్టావు.

ముందు చీటీ పాడు. చివరి నెలల్లో పాట పెద్దగా పోదు, 85 వేలైనా చేతికొస్తాయి. అవి తెచ్చి కార్డులో కట్టు. మిగిలిన అయిదు వేలూ పై నెల కట్టి, కార్డు కత్తిరించు. పాప చదువుకని దాస్తున్న డబ్బు ఒక పక్క, దాన్ని మించి వడ్డీ ఇంకో పక్క, ఇది పాపకు మేలు కాదు.

రెండోది బంగారం. రెండేళ్ళ కిందటి గ్రాము ధరకూ ఇప్పటి ధరకూ చాలా తేడా ఉంది. బ్యాంకోళ్ళు విలువలో చాలా వరకు ఇస్తారు కాబట్టి అదే హారం, అవే గాజుల మీద ఇంకో 2 లక్షలు రావచ్చు. తూకం చూసి అడుగు. అదే 9 శాతానికి దొరికితే 6,000 కట్టే చోట 1,500 కడతావు. ఆ డబ్బు బ్యాంకు నుంచి నేరుగా నోటాయన దగ్గరికే పోవాలి, ఇంటికి రాకూడదు. అప్పుడు బంగారానికి 2,625, బండికి 3,200, చీటీకి 5,000, మొత్తం 10,825. నెలకు అయిదు వేలు బంగారం అసలులో జమ చెయ్యి. ఎనిమిది నెలలకు బండి, చీటీ రెండూ తీరతాయి, ఆ 8,200 కూడా అక్కడికే మళ్ళించు. సుమారు ముప్పై నెలల్లో హారం ఇంటికొస్తుంది.

కానీ ఆ హారం నీది కాదు తమ్ముడూ, ఆమెది. ఆమెకు చెప్పకుండా ఈ పని చేయకూడదు.

గూడూరు నుంచి

అన్న చెప్పినదాంట్లో ఒక్కదానికి నేను ఒప్పుకోను. 32 వేల జీతగాడికి మూడున్నర లక్షల బంగారం లోను బరువే. ఒక్క నెల జీతం ఆగితే? గాజులు విడిపించి అమ్మేసి, ఆ డబ్బుతో నోటు సగమైనా తీర్చాలి. తరుగు పోతుంది, పోనీ. హారం ఒక్కటి ఉంచుకుంటే చాలు.

కలిగిరి నుంచి

తమ్ముడూ, మాది దూబగుంట పక్కనే. 1992లో ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డప్పుడు మా అమ్మ కూడా వాళ్ళలో ఉంది. ఆ తర్వాత మన జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది, రోజుకు రూపాయి. అమ్మ ఆ రూపాయిని ఉప్పు జాడీ పక్కన గ్లాసులో వేసేది. కొత్తగా వచ్చిన రూపాయి కాదది, సారాకు పోకుండా ఆగిన రూపాయి. మీ ఇంట్లో ఏది ఆపితే ఏది మిగులుతుందో నీకంటే మీ ఆవిడకు బాగా తెలుస్తుంది. చెప్పు. ఆ రోజు ఏడుస్తుంది, కోప్పడుతుంది. మా ఆయన నాకు చెప్పిన రోజు నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఇద్దరం కూర్చొని బియ్యం, పాలు, గ్యాసు, కరెంటుకు వేరే వేరే కవర్లలో డబ్బు పెట్టాం. కవరు ఖాళీ అయితే ఇంకో కవరు ముట్టుకునేది లేదు.

ఆమెను పొదుపు గ్రూపులో చేరమను. మళ్ళీ ఎప్పుడన్నా అవసరమైతే మూడు రూపాయల వడ్డీకి పోయే పని ఉండదు.

కావలి నుంచి

నిన్న రాత్రి పిల్లలు పడుకున్నాక చెప్పాను. చాలాసేపు మిషను ముందే కూర్చుంది. తర్వాత లేచి బీరువాలోంచి బ్యాంకు రసీదు తెచ్చింది. 46 గ్రాములు. గాజులు అమ్మే మాట తనే ఎత్తింది, నేనే ఆగమన్నా, ముందు బ్యాంకులో అడిగి చూద్దామని. ఏజెంటుకు వద్దని ఫోన్ చేశాను. చీటీ పాట ఆదివారం.

కొండపి అన్నా, ఒక్కటి అడగాలి. నోటాయనకు ఒకేసారి మొత్తం ఇవ్వలేకపోతే, కట్టినంత మేరకు నోటు వెనక చెల్లు రాస్తే సరిపోతుందా?

కొండపి నుంచి

చెల్లు రాసినా నోటు ఆయన దగ్గరే ఉంటుంది. అందుకే రాసిన వెంటనే వెనక పక్క ఫోటో తీసుకో, డబ్బు బ్యాంకు ఖాతా ద్వారానే పంపు. ఇంకోటి, చెల్లు కింద నువ్వు సంతకం పెట్టిన తేదీ నుంచి నోటుకు మళ్ళీ మూడేళ్ళ గడువు మొదలవుతుంది, అది తెలిసి పెట్టు. మొత్తం కట్టిన రోజు అసలు నోటు చేతికి తీసుకోకుండా అక్కడి నుంచి లేవొద్దు.