వెండి కాలు మొక్కు: అప్పటి యూరప్ కథోలికులు అద్భుతాలను ఎలా నమ్మారు?

విజయనగరం టీచరు:
మా అమ్మ మోకాలు పట్టేసి ఏడాదిపాటు మంచం దిగలేదు. వేళాంకణి మాతకు మొక్కుకుంది. నడక వచ్చాక కంసాలితో అరచేతిలో ఇమిడే వెండి కాలు చేయించి, రైలెక్కి వెళ్ళి సమర్పించింది. ఆ కాలికి అయిదు వేళ్ళూ, గోళ్ళూ కూడా చెక్కాడాయన. మొన్న తొమ్మిదో తరగతికి మత సంస్కరణ పాఠం చెబుతుంటే, అద్భుతాలను సామాన్యులు అజ్ఞానంతో నమ్మేవారని గైడులో ఒక్క వాక్యంలో తేల్చేశారు. అది చదవలేక ఆగిపోయాను. 16, 17 శతాబ్దాల పల్లెజనం నమ్మకం అంతేనా?

శ్రీకాకుళం, విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు:
కాదమ్మా. అరసవల్లికి కంటిజబ్బుతో వచ్చి మొక్కుకునేవారిని చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ వాక్యం నాకూ మింగుడుపడదు. మేత్రాణులు (బిషప్పులు) విచారించి ఒప్పుకోనిదే కొత్త అద్భుతాన్ని అంగీకరించరాదని కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 1563లోనే శాసించింది. స్పెయిన్‌లోని కలాండా కుర్రాడు మిగెల్ హువాన్ పెయిసేర్ కాలు 1637లో బండిచక్రం కింద నలిగింది. సరగోసా ఆసుపత్రిలో కాలు తీసేశారు. ఆ తరవాత ఆ ఊళ్ళోని పిలార్ మాత (మరియమాత) గుడి గుమ్మం దగ్గర అడుక్కుంటూ, గుడి దీపాల నూనె తెచ్చి మొండికాలికి రాసుకునేవాడు. తడి తగిలితే పుండు మానదని వైద్యుడు చెప్పినా వినలేదు. 1640 మార్చి 29 రాత్రి ఇంట్లో నిద్రపోతుంటే, దుప్పటి కింద రెండు పాదాలు కనిపించాయని తల్లిదండ్రులు చెప్పారు. సరగోసా అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్పు) 24 మంది సాక్షులను విచారించి, 1641 ఏప్రిల్ 27న అద్భుతమని తీర్పిచ్చారు. కాలు మొలిచిందా అన్నది నేను తేల్చలేను. వైద్యుడి మాట విన్నాక కూడా రోజూ నూనె రాసుకున్న ఆ చెయ్యి మాత్రం నా కళ్ళ ముందు నుంచి పోదు.

మీ అమ్మగారి వెండి కాలికి తోబుట్టువులు నేపుల్స్ దగ్గర మదొన్నా దెల్లార్కో గుడిలో ఉన్నాయి. మొక్కు తీరినవాళ్ళు ఇచ్చిన చిన్న చెక్కపలకల మీద బొమ్మలు: మంచంలో రోగి, మోకాళ్ళ మీద ఇంటివాళ్ళు, మూల మేఘంలో మరియమాత.

రాజాం, నర్సు:
కాన్పుల వార్డులో పాతికేళ్ళు పనిచేశాను. మీరడిగిన కాలానికి కాస్త ముందు, స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గరి ఒబెర్‌బ్యూరెన్ గుడికి చనిపోయి పుట్టిన బిడ్డలను తెచ్చేవారు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) లేని బిడ్డకు మోక్షం లేదని అప్పటి నమ్మకం, చర్చి శ్మశానంలో చోటూ ఉండేది కాదు. నిప్పుల మధ్య, కొవ్వొత్తుల మధ్య బిడ్డను వెచ్చచేసి పెదవుల మీద ఈక పెట్టేవారు. ఈక కదిలితే ప్రాణం ఉన్నట్టే, వెంటనే జ్ఞానస్నానం. ఇది తగదని కాన్‌స్టాన్స్ మేత్రాణులు 1486లోనే రోముకు రాశారు. అయినా జనం మానలేదు. అక్కడి తవ్వకాల్లో దాదాపు 250 మంది పసికందుల ఎముకలు బయటపడ్డాయి. ఊపిరి లేని బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి మళ్ళీ మళ్ళీ చూసే తల్లులను నేను చూశాను. వాళ్ళను అజ్ఞానులని ఎలా అంటాం?

విజయనగరం టీచరు:
అమ్మకు అంతా చదివి వినిపించాను. ఈక దగ్గర కళ్ళు తుడుచుకుంది. తరవాత, ఆ పిలార్ గుడి దీపాల్లో పోసింది ఏ నూనె అని అడిగింది. ఆలివ్ నూనేనా మాస్టారూ?