వారానికి 29 గంటలే ఇస్తామంటున్నారు, ఇన్సూరెన్స్ సంగతేంటి?

ఫ్రిస్కో, టెక్సస్ నుంచి:

అందరికీ నమస్కారం. పెళ్లయి ఇక్కడికొచ్చి ఏడాదైంది. మావారు హెచ్1 వర్క్ వీసా మీద ఎనిమిదేళ్లుగా ఉన్నారు. నాకు హెచ్4, అంటే భార్యగా వచ్చిన వీసా మీద పని చేసుకునే కార్డు ఈమధ్యే వచ్చింది. ఒక పెద్ద స్టోర్‌లో చేరాను. వారానికి 29 గంటలకు మించి ఇవ్వమని మేనేజర్ మొదటిరోజే చెప్పారు. తోటి అమ్మాయేమో, చట్టం మార్చి ఫుల్‌టైమ్ అంటే 40 గంటలని పెడితే మనకి గంటలు పెరుగుతాయి అంటోంది. అలా మారితే మంచిదేనా? ఇన్సూరెన్స్ విషయంలో టెన్షన్‌గా ఉంది.

ఎడిసన్, న్యూజెర్సీ నుంచి:

చెల్లీ, ఫుల్‌టైమ్ అన్న మాటకి ఇక్కడ ఒక్కో చోట ఒక్కో అర్థం. 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు జీతం అనేది ఓవర్‌టైమ్ చట్టం. ఇన్సూరెన్స్‌కి మాత్రం 2010లో వచ్చిన ఒబామాకేర్ అనే ఆరోగ్య బీమా చట్టం లెక్కే లెక్క. వారానికి సగటున 30 గంటలు, లేదా నెలకు 130 గంటలు చేస్తే ఫుల్‌టైమ్. 50 మందికి తగ్గకుండా ఉన్న కంపెనీ తన ఫుల్‌టైమ్ వాళ్లలో కనీసం 95 శాతం మందికి ఇన్సూరెన్స్ ఆఫర్ చెయ్యాలి. లేకపోతే జరిమానా పడొచ్చు. పార్ట్‌టైమ్ వాళ్ల నెల గంటలన్నీ కూడి, 120తో భాగించి ఆ 50లో కలుపుతారు. కాబట్టి అందర్నీ పార్ట్‌టైమ్ చేసేసి మాది చిన్న కంపెనీ అంటే కుదరదు. నిజంగా చిన్నవైన మన ఇండియన్ గ్రోసరీల్లాంటి వాటికి ఈ బాధ్యత లేదు.

29 ఎందుకో ఇప్పుడు అర్థమై ఉంటుంది. 2016లో నేనూ ఒక స్టోర్‌లో బిల్లింగ్ కౌంటర్ దగ్గర చేశాను. ప్రతి శుక్రవారం బ్రేక్ రూమ్ గోడకి షెడ్యూల్ కాగితం అంటించేవారు. నా పేరు పక్కన 31 కనిపిస్తే, మా మేనేజర్ గురువారం షిఫ్ట్‌లో చివరి రెండు గంటలు పెన్సిల్‌తో కొట్టేసి 29 చేసేది. లైన్ ఎంత పొడుగున్నా ఆ టైముకి నేను ఏప్రన్ విప్పి వెళ్లిపోవాల్సిందే. అప్పుడు నాకు నాలుగో నెల. ఆ పెన్సిల్ గీత ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఇక 40 సంగతి. ఈ మాట కొత్తది కాదు. 2014లో ఒకసారి, 2015 జనవరిలో ఇంకోసారి ప్రతినిధుల సభలో, ఇన్సూరెన్స్‌కి ఫుల్‌టైమ్ అంటే 40 గంటలు అనే బిల్లు నెగ్గింది. ఒబామా వీటో చేస్తానన్నారు, చట్టం కాలేదు. మీ తోటి అమ్మాయి చెప్పింది సగం నిజం. ఫుల్‌టైమ్ హద్దు 30 నుంచి 40 దగ్గరికి జరిగితే నిన్ను 29 దగ్గర ఆపాల్సిన పని ఉండదు. 35 గంటలు రావచ్చు, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువొస్తాయి. కానీ ఆ 35 గంటలకీ ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న నియమం ఉండదు. అంతకంటే పెద్ద దెబ్బ ఇప్పుడు 40 గంటలు చేస్తున్నవాళ్లకి. ఈ దేశంలో ఎక్కువమంది ఉన్నది అక్కడే. 40 చేసేవాళ్లని 29కి దించాలంటే వారానికి దాదాపు రోజున్నర పని పోతుంది, కంపెనీకే కష్టం. 39కి దించాలంటే శుక్రవారం గంట ముందు ఇంటికి పంపితే చాలు! ఆ బిల్లు వస్తే దాదాపు పది లక్షల మందికి కంపెనీ ఇన్సూరెన్స్ పోతుందని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ ఆఫీసు అప్పట్లోనే లెక్కగట్టింది. అందుకే నేను దానికి ఒప్పుకోను.

నువ్వు చెయ్యాల్సింది ఒకటుంది. గంటలు రోజూ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. గోడ మీది షెడ్యూల్ కాదు, నిజంగా చేసిన గంటలు లెక్క. జీతంతో ఇచ్చిన సెలవు గంటలూ అందులోకే వస్తాయి. గంటలు అటూ ఇటూ అయ్యేవాళ్లకి చాలా కంపెనీలు 3 నుంచి 12 నెలల సగటు చూస్తాయి. ఆ సగటు 30 తాకితే, తర్వాత గంటలు తగ్గించినా ఉద్యోగంలో ఉన్నంతవరకు కనీసం ఆరు నెలలు నిన్ను ఫుల్‌టైమ్‌గానే లెక్కేయాలి. మీ దగ్గర ఎన్ని నెలల సగటు చూస్తారో హెచ్‌ఆర్‌ని మెయిల్‌లో అడుగు.

ఫ్రిస్కో నుంచి:

థాంక్స్ అక్కా. మావారి ప్లాన్‌లో నన్ను చేర్చినందుకు జీతంలో చాలా కోస్తున్నారు. భార్యకి కూడా ఇవ్వాలని చట్టంలో లేదా?

చికాగో నుంచి:

అమ్మా, అక్కడే చాలామంది పొరబడతారు. చట్టం అడిగేది ఉద్యోగికి, 26 ఏళ్లలోపు పిల్లలకి. భార్యకి, భర్తకి ఇవ్వాలని లేదు. ఇవ్వడం కంపెనీ ఇష్టం. ఖరీదైనా సరే, మీ సొంత ఇన్సూరెన్స్ చేతికొచ్చేదాకా అందులోంచి బయటికి రావొద్దు. ఒకవేళ మీకు వచ్చి, తర్వాత గంటలు తగ్గి పోయిందనుకోండి, మళ్లీ మీవారి ప్లాన్‌లో చేరడానికి మామూలుగా 30 రోజులే గడువు. మార్కెట్‌ప్లేస్‌లో, అంటే ఒబామాకేర్ కింద ఎవరికివారు ఇన్సూరెన్స్ కొనుక్కునే చోట, కొనడానికైతే 60 రోజులు. కాకపోతే 2025 జూలైలో వచ్చిన చట్టం ప్రకారం, 2027 జనవరి నుంచి హెచ్1, హెచ్4 వాళ్లకి మార్కెట్‌ప్లేస్‌లో ప్రీమియం కట్టడానికి ప్రభుత్వ సాయం ఉండదు. మొత్తం మనమే కట్టుకోవాలి.

ఫ్రిస్కో నుంచి:

పే స్టబ్‌లు (జీతం రసీదులు) తీసి గంటలు కూడి చూశాను. షెడ్యూల్‌లో అన్ని వారాలూ 29 అనే ఉంది. కానీ ఎవరైనా రానప్పుడల్లా నన్ను షిఫ్ట్ అయ్యాక కూడా ఉండమన్నారు కదా, ఆరు వారాల సగటు 31 వచ్చింది. అక్క చెప్పినట్టే ఇప్పుడే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను.